స్కూటర్‌కి లేని ప్రాణం డబ్బాలో పెసలకి ఎలా ఉంది?

మధురవాడ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా పాప ఏడో తరగతి. సజీవుల లక్షణాలంటూ పుస్తకంలో చలనం, పోషణ, శ్వాసక్రియ, విసర్జన, పెరుగుదల, ప్రతిస్పందన, ప్రత్యుత్పత్తి ఇచ్చారు. పాపేమో, 'నాన్నా, మన స్కూటర్ కదులుతుంది, పెట్రోల్ తాగుతుంది, గాలి పీలుస్తుంది, పొగ వదులుతుంది. వంటింట్లో పెసలు ఇందులో ఒక్కటీ చెయ్యవు. మరి పెసలకి ప్రాణం ఉంది, స్కూటర్‌కి లేదు అంటారేంటి?' అని అడుగుతోంది. వైరస్ సంగతి కూడా అడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు."

ముందు సూటిగా చెప్పేస్తానండి. పెసలు సజీవమే. స్కూటర్ కాదు. వైరస్ విడిగా ఉన్నంతసేపూ సజీవి కాదని నా అభిప్రాయం, కానీ ఆ ఒక్క విషయంలో శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు.

నేను విశాఖలోనే డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మీ పాప అడిగిన ప్రశ్న డిగ్రీ పిల్లల్లో కూడా చాలామంది అడగరు. ఏడు లక్షణాలూ గడగడా అప్పజెప్పి కూర్చుంటారు. పాప మాత్రం జాబితాని తీసుకెళ్లి ఇంట్లో వస్తువుల మీద పెట్టి చూసింది. సైన్స్ అంటే ఆ పనే, దయచేసి ఆ అలవాటు పోనివ్వకండి.

ఆ ఏడింటిలో ఏ ఒక్కటీ విడిగా తీర్పు చెప్పలేదు. ప్రతి దానికీ లక్షణం ఉన్న నిర్జీవీ దొరుకుతుంది, లక్షణం కనిపించని సజీవీ దొరుకుతుంది. వాటి వెనకాల ఉన్న అసలు విషయం పట్టుకోవాలి. నేను క్లాసులో ఇలా చెప్పేవాణ్ణి: సజీవి కణాలతో తయారై ఉంటుంది. బయట నుంచి తీసుకున్న పదార్థంతో, శక్తితో తనను తానే కట్టుకుంటుంది, తానే బాగుచేసుకుంటుంది. అలా కట్టుకునే విధానాన్ని తరం నుంచి తరానికి అందిస్తూ వచ్చిన వంశంలో పుట్టి ఉంటుంది.

ఇప్పుడు స్కూటర్ని చూడండి. పెట్రోల్ కాలుతుంది, చక్రం తిరుగుతుంది, పొగ పోతుంది. అంతే. ఆ పెట్రోల్‌లో ఒక్క చుక్క కూడా టైరుగానో సీటుగానో మారదు. టైరు అరిగితే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. మీ పాప నిన్న తిన్న పప్పన్నంలో కొంత ఆటల్లో ఖర్చయింది, కొంత ఆమె కండగా, రక్తంగా, ఎముకగా మారుతోంది. పేగు లోపలి పొరలో కణాలు కొద్ది రోజులకే పాతబడి కొత్తవి వస్తాయి. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. మనలాంటి పెద్దవాళ్లకి పొడుగు పెరగడం ఎప్పుడో ఆగిపోయింది, కానీ ఈ కట్టుబడి పని మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగలేదు. శరీరం లోపల జరిగే ఈ మొత్తం రసాయన పనినే జీవక్రియ లేదా మెటబాలిజం అంటాం. పోషణ, శ్వాసక్రియ, విసర్జన, పెరుగుదల వేరు వేరు అంశాల్లా కనిపిస్తాయి గానీ, ఆ నాలుగూ ఈ ఒక్క పనిలో భాగాలే.

మన ఊళ్లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డుకి లాగిన బోటు అడుగు భాగం చూపించండి పాపకి. తెల్లగా, గరుగ్గా, చిన్న చిన్న గోపురాల్లా అంటుకుని బార్నకిల్స్ అనే సముద్ర జీవులు కనిపిస్తాయి. వాటిని గీకి తీయకపోతే బోటుకి నీటి రాపిడి పెరిగి డీజిల్ ఎక్కువ తాగుతుంది. బోటు చెక్క దెబ్బతింటే వడ్రంగి రావాలి, రేకు తుప్పు పడితే వెల్డింగ్ చేసేవాళ్లు రావాలి. దాన్ని పట్టుకుని వేలాడే బార్నకిల్ మాత్రం సముద్రపు నీటిలోంచే కాల్షియం తీసుకుని తన గుల్లని తానే కట్టుకుంటుంది, ఒళ్లు పెరిగిన కొద్దీ గుల్లనీ పెంచుకుంటుంది. రెండూ ఒకే నీళ్లలో తేలుతున్నాయి. పదార్థాన్ని తనలో కలుపుకునే పని మాత్రం ఒక్కటే చేస్తోంది.

చలనం గురించి కూడా బార్నకిల్‌నే అడగొచ్చు. తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు మా విద్యార్థుల్ని తీసుకెళ్లేవాణ్ణి. రాయంతా బార్నకిల్స్ ఉంటాయి, కొన్ని బతికినవి, కొన్ని ఉత్త గుల్లలు. ఏది ఏదో చెప్పమంటే పిల్లలు తెల్లమొహం వేసేవాళ్లు. ఏదీ కదలదు కదా! పోటు నీళ్లు వచ్చి రాతిని ముంచాక చూస్తే బతికినవి మూత తెరిచి, ఈకల్లాంటి కాళ్లు బయటికి చాచి, నీళ్లలో ఆహారాన్ని లోపలికి ఊడ్చుకుంటూ ఉంటాయి. బార్నకిల్ చిన్నప్పుడు లార్వాగా ఈదుతుంది, తర్వాత ఒకచోట తలకిందులుగా అతుక్కుని జన్మంతా అక్కడే గడుపుతుంది. డార్విన్ అంతటివాడు ఎనిమిదేళ్లపాటు వీటినే చదివాడు. కాబట్టి 'కదలదు' అనే ముందు ఎప్పుడు చూశామో, ఎంతసేపు చూశామో చెప్పుకోవాలి. ఇక కెరటం కదులుతుంది, మేఘం కదులుతుంది, వాటి గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

శ్వాసక్రియ దగ్గర పాప స్కూటర్ వాదన గట్టిదే. స్కూటరూ, మన శరీరమూ రెండూ ఆక్సిజన్ తీసుకుంటాయి, రెండూ కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వదులుతాయి. తేడా పద్ధతిలో ఉంది. ఇంజిన్‌లో పెట్రోల్ భగ్గుమని ఒక్కసారిగా మండుతుంది. కణంలో గ్లూకోజు మెట్టు మెట్టుగా విడిపోతుంది, ప్రతి మెట్టునీ ఒక ఎంజైమ్, అంటే రసాయన మార్పుని తొందరగా జరిపించే ప్రోటీన్, నడిపిస్తుంది, వచ్చిన శక్తిలో కొంత ఏటీపీ అనే అణువులో జమ అవుతుంది. కండరం కదలాలన్నా, కొత్త ప్రోటీన్ తయారవాలన్నా ఖర్చు అందులోంచే. ఈ ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించినవాళ్లలో మన తెలుగువాడున్నాడని పాపకి తప్పకుండా చెప్పండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. ఇన్నేళ్లు పాఠం చెప్పాక కూడా ఆయన పేరు చెప్పేటప్పుడు నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో మాట. శ్వాసక్రియకి ఆక్సిజన్ ఉండి తీరాలని కూడా లేదు. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది చూడండి, అందులో బాక్టీరియా ఆక్సిజన్ లేకుండానే చక్కెరల్ని విడగొట్టి గ్యాస్ వదిలాయి. మన మే నెల ఉక్కలో ఆ పని ఇంకా తొందరగా అవుతుంది, ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదిస్తుంది. పొంగింది పిండి, బతికింది అందులోని సూక్ష్మజీవులు.

పెరుగుదలకి బొర్రా గుహల్ని గుర్తు చేసుకోండి. పైకప్పు నుంచి వేలాడే సున్నపురాయి దిమ్మెలు పెరుగుతున్నాయని గైడ్లు చెప్తారు, నిజమే. వాన నీరు కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది, చుక్క వేలాడినచోట ఆ గ్యాస్ పోయి కాల్సైట్ పొర మిగులుతుంది. పొర మీద పొర, అంతా బయటి నుంచి అతుక్కోవడమే. మామిడి మొక్క తీసుకున్న నీళ్లని, కార్బన్ డయాక్సైడ్‌ని మొదట తన రసాయనాలుగా మార్చుకుంటుంది, తర్వాత కణాలు విభజన చెంది లోపలి నుంచి పెరుగుతుంది. రాయికి వచ్చింది వచ్చినట్టే అతుక్కుంటుంది, మొక్క తీసుకున్నదాన్ని మామిడి చేస్తుంది.

ప్రతిస్పందన అనగానే అందరూ అత్తిపత్తి చెబుతారు. నేను తాబేలు పిల్లల్ని చెబుతాను. ప్రతి ఏడాదీ చలి చివర్లో, ఎండలు ముదరకముందు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖవాళ్లు వాటిని సేకరించి హేచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎవరూ చెప్పకుండానే వెలుతురుగా కనిపించే వైపు పాకుతుంది, రాత్రిపూట సహజంగా అది సముద్రం వైపే. బీచ్ రోడ్డు లైట్ల వల్ల అదే స్పందన దాన్ని రోడ్డు మీదికి నడిపిస్తుంది. ఇసుక వేడిని బట్టి అందులో పుట్టేది ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. షాపింగ్ మాల్ తలుపు కూడా మనిషి రాగానే తెరుచుకుంటుంది కదా అని పాప అడగొచ్చు. తలుపు తెరుచుకున్నా, తెరుచుకోకపోయినా తలుపుకి ఒరిగేదేం లేదు. తాబేలు పిల్లకి ఆ స్పందన మీదే బతుకు ఆధారపడి ఉంది, తప్పుగా స్పందించినవి పోతాయి, సరిగ్గా స్పందించిన వాటికే సంతతి మిగులుతుంది.

ప్రత్యుత్పత్తిలో పిల్లలు తరచూ ఒక చిక్కులో పడతారు. కంచర గాడిదకి పిల్లలు పుట్టవు, పనిచేసే తేనెటీగలు సాధారణంగా పిల్లల్ని కనవు. అవి నిర్జీవులా? కాదు. ప్రత్యుత్పత్తి వంశానికి ఉండాల్సిన లక్షణం, ప్రతి ఒక్క ప్రాణీ చేసి చూపించాల్సిన పని కాదు. ఇక మంట కూడా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకుతుంది. అయితే కొబ్బరాకు మంట నుంచి అంటుకున్న కిరోసిన్ మంటలో కొబ్బరాకు గుర్తేమీ ఉండదు. పెసర గింజలో పెసర మొక్కని కట్టే సమాచారం డీఎన్ఏ రూపంలో ఉంటుంది, నకలు తీసినప్పుడు వచ్చే చిన్న చిన్న మార్పులు కూడా తర్వాతి తరానికి పోతాయి. జీవులు తరతరాలుగా మారుతూ పోయే పరిణామం జరిగేది అందుకే.

బియ్యంలో ముక్కు పురుగులు వాటంతట అవే పుట్టాయని మన ఇళ్లలో ఇప్పటికీ అంటుంటారు. ఆడ పురుగు గింజకి బెజ్జం వేసి, లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది. మనకి కనిపించదు, అంతే. మాంసంలో పురుగులు ఈగల గుడ్ల నుంచే వస్తాయని ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడి 1668లోనే చూపించాడు. సూక్ష్మజీవుల విషయం 1860ల దాకా నలిగి, అవి కూడా వాటంతట అవే పుట్టవని ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాశ్చర్ వంపు మెడ సీసాల ప్రయోగంతో తేలింది.

ఒక్క లక్షణం పట్టుకుని తీర్పు చెబితే ఏమవుతుందో పెద్దవాళ్లకి కూడా అనుభవమే. 1976లో అమెరికావాళ్ల వైకింగ్ నౌకలు రెండు కుజుడి మీద దిగాయి. అక్కడి మట్టిలో పోషకాలు కలిపిన నీళ్లు పోసి, ఏమైనా గ్యాస్ వస్తుందేమో చూశారు. ఆ పోషకాల్లో రేడియోధార్మిక కార్బన్ పెట్టారు, సూక్ష్మజీవి ఏదైనా తింటే ఆ కార్బన్ గ్యాస్‌లో కనబడాలి. కనబడింది! ప్రపంచమంతా ఉలిక్కిపడింది. కానీ అదే నౌకల్లో ఉన్న వేరే పరికరం ఆ మట్టిలో జీవ పదార్థానికి సరైన ఆధారం చూపించలేదు. మట్టిలోని రసాయనాలే ఆ గ్యాస్‌ని వదిలించి ఉంటాయని ఎక్కువమంది శాస్త్రవేత్తలు తేల్చారు. తర్వాత 2008లో ఫీనిక్స్ నౌక కుజుడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే చురుకైన లవణాన్ని కనుక్కుంది. మీ పాప స్కూటర్ పొగ ప్రశ్నా, కుజుడి గ్యాస్ ప్రశ్నా ఒకటే అని ఆమెకి చెప్పండి, సంతోషిస్తుంది.

ఇప్పుడు పెసల దగ్గరికి వద్దాం. ఎండు గింజలో నీరు చాలా తక్కువ. నీరు లేకపోతే ఎంజైములు పనిచెయ్యలేవు, కాబట్టి జీవక్రియ దాదాపు కొలవలేనంత నెమ్మదిస్తుంది. కానీ కణాల గోడలు, పొరలు, ఎంజైములు, డీఎన్ఏ అన్నీ వాటి స్థానాల్లో చెక్కుచెదరకుండా ఉంటాయి. నీళ్లు తగలగానే పని మొదలవుతుంది. ఆగి ఉండటం వేరు, చెడిపోవడం వేరు. ఇజ్రాయెల్‌లో మసాడా అనే కోట తవ్వకాల్లో దొరికిన ఖర్జూరం గింజ, వయసు దాదాపు 2000 ఏళ్లు, 2005లో నాటితే మొలిచింది.

అదే పెసల్ని ఉడికించండి. కార్బన్, నైట్రోజన్, పిండి పదార్థం, ప్రోటీన్ అన్నీ ఇంచుమించు అలాగే ఉన్నాయి. కణాలు కూడా మైక్రోస్కోపులో కనిపిస్తాయి. కానీ పొరలు చిట్లిపోయాయి, ఎంజైముల ఆకారం చెడిపోయింది, ఇక ఎన్ని నీళ్లు పోసినా మొలక రాదు. ప్రాణం అనేది ఏదో ప్రత్యేకమైన పదార్థం కాదని దీన్నుంచే తెలుస్తుంది. 1828లో వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త మూత్రంలో ఉండే యూరియాని ప్రాణితో పనిలేకుండా ప్రయోగశాలలో తయారుచేసి ఈ దారి తెరిచాడు. పదార్థం అంతటా ఒక్కటే, తేడా అమరికలోనూ, ఆ అమరికలో నడిచే పనిలోనూ ఉంది.

విత్తన పరీక్ష కేంద్రాల్లో మొలక వచ్చేదాకా ఆగకుండా దీన్ని తేల్చే పద్ధతి ఉంది. గింజని నానబెట్టి, కోసి, టెట్రాజోలియం అనే రంగులేని ద్రావణంలో ఉంచుతారు. బతికున్న కణాల్లో ఎంజైములు దాన్ని ఎర్రగా మారుస్తాయి, చచ్చిన భాగం తెల్లగానే ఉండిపోతుంది. రైతు చేతికొచ్చే విత్తనం సజీవమా కాదా అన్నది ఇలా రంగుతో తేలుతుందంటే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇంట్లో మీరు చేయగలిగింది చెప్తాను. తాంబూలం సున్నం కొంచెం నీళ్లలో కలిపి రాత్రంతా వదిలేస్తే పైన తేట నీరు వస్తుంది. దాన్ని మూడు చిన్న గ్లాసుల్లో పోసి, మూడు గాజు సీసాల్లో ఒక్కొక్కటి పెట్టండి. ఒక సీసాలో మొలకెత్తిన పెసలు, ఇంకోదాంట్లో ఎండు పెసలు, మూడోది ఖాళీ. మూతలు గట్టిగా పెట్టండి. కొన్ని గంటల్లో మొలకల సీసాలో సున్నపు తేట పాలలా తెల్లబడుతుంది, మొలకలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల. ఖాళీ సీసా ఎందుకంటే, మామూలు గాలిలో కూడా ఆ గ్యాస్ కొంచెం ఉంటుంది, దాని ప్రభావం ఎంతో తెలియాలి కదా. ఉడికించిన పెసలతో నాలుగో సీసా పెట్టాలని పాప అడుగుతుంది, పెట్టండి, కానీ రాత్రంతా వదలకండి. మన ఊరి ఉక్కకి అవి పులిసిపోతాయి, బాక్టీరియా వదిలిన గ్యాస్‌తో ఆ తేట కూడా తెల్లబడుతుంది, చచ్చిన పెసలే ఊపిరి తీశాయని అనుకునే ప్రమాదం ఉంది. సున్నపు తేట కళ్లకీ నోటికీ తగలనివ్వకండి.

వైరస్ విషయానికొస్తే, దానికి కణం లేదు. ప్రోటీన్ తొడుగులో కాస్త డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ, కొన్నిటికి పైన కొవ్వు పొర, అంతే. తినదు, ఏటీపీ తయారుచేసుకోదు, విడిగా ఉంటే పిల్లల్ని పెట్టదు. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు ఆకుల్ని పాడుచేసే వైరస్‌ని ఉప్పులా స్ఫటికాలు చేసి చూపించాడు, ఆ స్ఫటికాలకి రోగం పుట్టించే శక్తి పోలేదు. దానికి 1946లో రసాయన శాస్త్రంలో నోబెల్‌లో వాటా వచ్చింది. మన కణంలోకి దూరాక మాత్రం వైరస్ మన యంత్రాంగంతోనే తన నకళ్లు తీయించుకుంటుంది, మారుతుంది, పరిణామం చెందుతుంది. అందుకే కొందరు దాన్ని సజీవుల్లో కలుపుతారు. తనను తాను కట్టుకోలేనిదాన్ని నేను కలపను. పెసర గింజకి ఆగిన సొంత యంత్రాంగం ఉంది, వైరస్‌కి యంత్రాంగమే లేదు.

ఇది పుస్తకాల గొడవ అనుకోకండి. యాంటీబయాటిక్స్ పనిచేసేది బాక్టీరియా కణగోడ మీద, దాని ప్రోటీన్ తయారీ మీద. వైరస్‌లో అవేవీ లేవు కాబట్టి మామూలు జలుబుకి యాంటీబయాటిక్ వేసినా ప్రయోజనం ఉండదు. పాపకి ముక్కు కారగానే మందుల షాపుకి వెళ్లి సొంతంగా అవి కొనేవాళ్లు మన వీధుల్లో చాలామంది ఉన్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వేసుకోవాలో వద్దో డాక్టర్ చెప్పాలి.

శాస్త్రవేత్తలంతా ఒప్పుకున్న ఒకే ఒక్క వాక్యపు నిర్వచనం ప్రాణానికి లేదు. నాసావాళ్లు 1990ల్లో "స్వయంగా నిలబడుతూ, డార్విన్ చెప్పిన పరిణామానికి లోనుకాగల రసాయన వ్యవస్థ" అని పెట్టుకున్నారు. పనికొస్తుంది గానీ, ఒక్క కంచర గాడిదని ఎదురుగా నిలబెడితే ఇబ్బంది పడుతుంది. అందుకే వ్యక్తినీ వంశాన్నీ రెండింటినీ చూడమంటాను.

పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న ఏడూ రాయమనండి, మార్కులు వాటికే. వీలైతే 'కణ నిర్మాణం' అని ఒకటి చేర్చమనండి.

ఇంట్లో జాబితా రాయిస్తే రెండు గడులు పెట్టకండి, మూడు పెట్టండి: సజీవులు, నిర్జీవులు, ఒకప్పుడు సజీవుల్లో భాగమైనవి. చెక్క బల్ల, పత్తి చొక్కా, కత్తిరించిన గోరు మూడో గడిలోకి పోతాయి. పెరుగు దగ్గర పాప ఆగిపోతుంది: పాలు మూడో గడే, కానీ తోడు వేశాక అందులో బాక్టీరియా కోట్లలో బతికి ఉంటాయి. కోడిగుడ్డు దగ్గర కూడా ఆగుతుంది. షాపులో కొనే ఫారం గుడ్లకి సాధారణంగా పుంజుతో సంబంధం ఉండదు, ఎంత పొదిగినా పిల్ల రాదు. నాటు కోడి గుడ్డు అయితే పిల్ల వచ్చే అవకాశం ఉంది. ఆ రెండిట్నీ ఏ గడిలో పెట్టాలో పాపనే తేల్చమనండి. ఏం రాసిందో, ఎందుకు రాసిందో ఇక్కడ పెడితే నేను చదువుతాను.